గజ్జికుక్క అన్న పేరు

మోతి గోక్కుంటుంటే దాని వెనక కాలి మడమ వసారాలోని తాండూరు బండకు తగిలి టకటకమని చప్పుడయ్యేది. నేను ఇంట్లో ఏ మూల ఉన్నా ఆ చప్పుడు వినిపించేది. రొట్టె చేస్తుంటే చెయ్యి ఆగిపోయేది. మొదట్లో కుక్కన్నాక గోక్కోదా అనుకున్నాను. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి దాని పొట్ట కింద వెంట్రుకలు పలచబడి చర్మం ఎర్రగా బయటపడింది. ముందు కాళ్ల మోచేతుల దగ్గర పొక్కులు లేచాయి. కాలి వేళ్ల సందులు నాకీ నాకీ ఎప్పుడూ తడిగా, తుప్పు రంగుగా ఉండేవి.

ఆ తర్వాత వారానికి మా పాపకు వచ్చింది.

పాప పేరు జములమ్మ. గద్వాల జములమ్మ తల్లికి మా అత్త మొక్కుకున్నాక పుట్టింది కాబట్టి ఆ పేరు. జమ్ము అని పిలుస్తాం. పదకొండు నెలలు నిండాయి. పాకడం నేర్చి నెల కూడా కాలేదు. రెండు మోకాళ్లు కందిపోయాయి, అరచేతుల్లో సన్నగా ఎర్రటి పొక్కులు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ ఏడ్చేది. కుక్క పొట్ట చూసి, పిల్ల మోకాలు చూసి, ఏ తల్లయినా ఏమనుకుంటుంది? దాని గజ్జి దీనికి అంటిందనే అనుకున్నాను.

మా దిక్కున దురద ఏదైనా ఒకటే పేరు. మనిషికొస్తే గజ్జి, గొర్రెకొస్తే గజ్జి. కుక్కకొస్తే ఇక అది కుక్క కూడా కాదు, గజ్జికుక్క. ఆ మాట మోతి మీద మొదట అన్నది నేనే.

నా భయం సంగతి కూడా చెప్పాలి. పాపకు ఆరో నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకుని వనపర్తి దవాఖానలో ఐదు రోజులు ఉన్నాం. కళ్లు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక నా ఒళ్లో వాడిపోయి పడి ఉండేది. అక్కడ పొద్దున్నే ఒకామె వచ్చి గది నేల తుడిచేది. ఆ తుడుపుతో పాటు ఘాటు వాసన ఒకటి లేచేది. ఐదో రోజు పొద్దున ఆమె తుడిచి వెళ్లిన కాసేపటికి పాప నా రొమ్ము అందుకుని గుటకలు వేసింది. అప్పటి నుంచి ఆ వాసన నాకు దేవుడి గదిలో సాంబ్రాణి కంటే ఎక్కువైంది. ఇంటికి వచ్చేటప్పుడు నర్సమ్మ, ఇల్లు శుభ్రంగా పెట్టుకో తల్లీ అన్నది. నేను ఎనిమిది వరకే చదివాను. పత్తి ఏరడానికి మా అమ్మకు తోడు లేక బడి మానిపించారు. అందుకేనేమో, చదువుకున్నవాళ్లు ఒక మాట చెబితే దాన్ని రెండింతలు చేసి పెట్టందే నాకు నిద్ర పట్టదు.

ఫినాయిల్ సీసా తెచ్చుకున్నాను. బకెట్టు నీళ్లకు ఒక మూత అని దాని మీద రాసి ఉంది. చదివాను. ఒక మూత వేస్తే వాసన గంటసేపు కూడా నిలిచేది కాదు. వాసన పోతే పురుగులు తిరిగి వచ్చేశాయేమోనని గుబులు. రెండు మూతలు, ఆ తర్వాత నాలుగు. ఎండలు వచ్చేసరికి మూత మాట మరిచిపోయి సీసానే వంచుతున్నాను. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. వసారా బండలు ఎప్పుడూ తళతళలాడుతూ చల్లగా ఉండేవి. ఆ చల్లదనానికి మోతి వచ్చి పొట్ట ఆనించి, నాలుగు కాళ్లు చాపి పడుకునేది. దాని పక్కనే జమ్ము పాకేది.

మా వాడకట్టులో మాలతక్క ఇంటి ముందు మధ్యాహ్నం ఆడవాళ్లందరం కూర్చుని పల్లికాయ ఒలుస్తాం. ఒక రోజు నేను జమ్మును పక్కన కూర్చోబెట్టుకోగానే మాలతక్క తన బిడ్డను ఇవతలికి లాక్కుంది. "జర దూరం కూసోపెట్టు సరితా. గజ్జికుక్క పక్కన పండే పిల్లాయె," అని నవ్వుతూనే అన్నది. మిగతావాళ్లు తలలు వంచి కాయ ఒలుస్తూనే ఉన్నారు. అదే నాకు ఎక్కువ తగిలింది. నా చేటలో కాయ సగం ఉండగానే లేచి వచ్చేశాను.

మెడికల్ షాపుకు పోయి గజ్జి మందు ఇమ్మన్నాను. పిల్లకు ఎన్ని నెలలని అడిగి, డాక్టరుకు చూపించకుండా ఇవ్వనన్నాడు అతను. డాక్టరు దగ్గరికి మాత్రం నేను పోలేదు. ఇంత చిన్న పిల్లకు గజ్జి ఎట్లా వచ్చింది, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవా అని అడిగితే నేనేం చెప్పను? శుభ్రం తప్ప నాకు వేరే పనే లేదు కదా.

మా ఆయన ఉపేందర్ కొత్తకోటలో హైవే పక్కన టైర్ల షాపులో పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆ ఆదివారం వస్తూ ఒక సీసాలో లారీ ఇంజన్ నుంచి తీసిన నల్లటి కాలిన ఆయిలు తెచ్చాడు. గజ్జికి అదే మందట, మెకానిక్కులంతా అదే పూస్తారట. మా అత్త తిమ్మమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూసి, తీసుకుపోయి గోడ బయట పెట్టేసింది. కుక్క నాలుకతోనే కడుక్కుంటుంది కదా, అది నాకి చస్తే ఎవరిది పాపమని కొడుకును అడిగింది.

మోతి మా అత్తదే. ఐదేళ్ల కింద మామ పోయిన ఏడు, కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు తెచ్చి రొట్టె ముక్కలు పాలలో నానబెట్టి సాకింది. ఇప్పుడు మా పల్లి చేనుకు అదే కావలి. అడవిపందులు వస్తే ఊరి దాకా వినిపించేటట్టు మొరుగుతుంది. అవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆమె ముందు నిలబడి అడిగాను.

"కుక్క గావాల్నా, మనుమరాలు గావాల్నా అత్తమ్మా? ఏదో ఒకటి చెప్పు."

ఆమె గొడవకు వస్తుందనుకున్నాను. రాలేదు. పాప మోకాళ్ల వైపు చాలాసేపు చూసింది.

"పిల్లే గావాలె. దాంట్ల అడిగేదేముందే," అన్నది.

మళ్లీ వచ్చేటప్పుడు ట్రాలీ ఆటో తీసుకొచ్చి మోతిని కొత్తకోటకు తోలుకుపోతానన్నాడు ఉపేందర్. అక్కడ దాబాలు ఉన్నాయి, ఎముకలు దొరుకుతాయి, బతుకుతుందన్నాడు. అక్కడ రాత్రింబగళ్లు ఆగకుండా పోయే లారీల మాట మా ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి మా అత్త మోతిని చేనుకు తీసుకుపోయి బోరు దగ్గర వేపచెట్టుకు కట్టేసింది. పగలంతా తనూ అక్కడే ఉండేది, పొద్దుగూకినాక ఒక్కతే వచ్చేది. తిని, పాపను కాసేపు ఆడించి పడుకునేది.

కుక్క పోయింది కాబట్టి దాని గజ్జి కూడా పోవాలని నేను బండలు ఇంకా గట్టిగా తుడిచాను. రెండుసార్లు కాస్తా మూడుసార్లు అయింది. మోతి పడుకున్న చోట సీసాలోది నీళ్లు కలపకుండానే చల్లి రుద్దాను. నా చేతులు మండేవి. మండితే మంచిదే అనుకున్నాను, పురుగు చస్తుందని. పాప మోకాళ్ల మీది ఎరుపు తగ్గకపోగా తొడల దాకా పాకింది.

పదో రోజు మధ్యాహ్నం పాపను చంకన వేసుకుని మా అత్తకు సద్ది తీసుకుని చేనుకు పోయాను. ఆ రోజే గోపాల్‌పేట పశువుల దవాఖాన నుంచి వెంకట్రాములు సారు బర్రెలకు గాలికుంటు టీకాలు వేయడానికి వచ్చాడు. పెద్ద డాక్టరు కాదు, కాంపౌండరు. కానీ ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల పశువులన్నీ ఆయన చేతి మీదివే. మా రెండు బర్రెలకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే మా అత్త ఆయన దగ్గరికి పోయింది.

"సారూ, ఈ నా కొడుకును గూడ జర చూడు. పొయ్యేటోడే, అయినా చూడు," అని మోతిని చూపించింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"గజ్జి అంటున్రు."

"ఎవరంటున్రు?"

మా అత్త నా వైపు చూడలేదు. "అందరంటున్రు," అన్నది.

ఆయన వేపచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. మోతి తోక ఊపుతూ వెల్లకిలా పడుకుంది. దాని పొట్ట చూసి నేనే నిలబడిపోయాను. ఎరుపు చాలామటుకు పోయింది. పొక్కులు ఎండి చెక్కులు కట్టాయి. సన్నటి కొత్త నూగు కూడా లేస్తోంది. ఆయన దాని చెవి అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతూ, చెవిని కాదు, వెనక కాలిని చూశాడు.

"గజ్జి పురుగుంటే గిట్ల చెవి అంచు నలిపినప్పుడు వెనక కాలు ఊకోదు పెద్దమ్మా, గాల్లనే గోకుతది. వీడు చూడు, నిద్రకు పడుతుండు," అన్నాడు. చెవి అంచులు కూడా బాగున్నాయని, గజ్జి ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతుందని చెప్పాడు. పక్కాగా తేలాలంటే చర్మం గీకి అద్దం కింద చూడాలట, అంత అవసరం తనకు కనబడటం లేదట. తర్వాత తోక మొదట్లో వెంట్రుకలు విడదీసి చూశాడు. చెవిలో రెండు పిడుదులు దొరికితే తీసి రాతి కింద నలిపాడు. ఈ రెండింటికి పొట్టంతా ఇట్లా కాదన్నాడు.

"కుక్క నోరు తెరిచి చెప్పదు. ఏడ గోకుతదో అదే దాని మాట. దీనికి వీపు మీద లేదు, మెడ మీద లేదు. నేలకు ఆనే కాడనే ఉన్నది. ఇది పండేది ఏడ?"

ఇంటి దగ్గరైతే వసారా బండల మీద, ఇక్కడికి వచ్చాక ఈ మట్టిలో అని మా అత్త చెప్పింది. ఇక్కడికి వచ్చిన మూడో రోజుకే గోకుడు తగ్గిందని కూడా చెప్పింది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"బండల మీద ఏమన్న పోస్తరా అమ్మా? సర్ఫు, ఆసిడు, ఫినాయిలు?"

జమ్ము నా చంకలో ఉంది. దాని మోకాళ్ల మీదికి నేను అప్పటికే కొంగు లాగేశాను.

"నీళ్లే సారూ," అన్నాను.

ఆయన మళ్లీ మోతి వైపు తిరిగాడు. గోరువెచ్చని ఉత్త నీళ్లతో పొట్టా, కాళ్లూ కడిగి మెత్తటి బట్టతో తడి లేకుండా అద్దమని చెప్పాడు. పసుపు, నూనె, వేపాకు ముద్ద ఏదీ పూయొద్దన్నాడు. గోకితే పుండవుతుందని, పుండయితే మళ్లీ దురద పెడుతుందని, ముందు ఆ గోకుడు ఆగాలని అన్నాడు. దవాఖానకు తీసుకొస్తే డాక్టరు బరువు చూసి గోలీ రాస్తాడని, మనుషుల మందులు మాత్రం వేయొద్దని చెప్పాడు. సంచి భుజాన వేసుకుని లేస్తూ, "ఏది పడతలేదో ఎరుక కాకుంట మందులు పోసుడంటే, మంచం కింద కుంపటి పెట్టుకొని విసనకర్ర ఊపినట్లే," అన్నాడు. మా అత్త నవ్వింది. పది రోజులకు ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక వసారాలోకి అడుగు పెట్టబుద్ధి కాలేదు. పాపను వాకిట్లో మంచం మీద వేసి, ఉత్త నీళ్లు పోసి బండలు కడిగాను. నురగ లేచి తెల్లటి నీళ్లు పారాయి. మళ్లీ కడిగాను. మూడోసారికి గానీ జారుడు పోలేదు. ఆ మాపటికి ఇంట్లో ఏ వాసనా లేదు. ఎవరో తలుపు తీసి పెట్టి పోయినట్టు నాకు ఒకటే భయం. గంటకోసారి పాప నుదురు పట్టుకుని చూశాను, జ్వరమేమోనని.

రెండు రోజులకే పాప మోకాళ్లు రాసుకోవడం తగ్గించింది. శనివారం నీళ్లు పోస్తుంటే తొడల మీద ఎరుపు వెలిసిపోయి కనిపించింది. మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఉలిక్కిపడకుండా నిద్రపోయింది. సంతోషపడాల్సిన దాన్ని. దాని పక్కన కూర్చుని నా చేతులు చూసుకున్నాను. పురుగులు రాకుండా ఈ చేతులతోనే కదా తుడిచాను.

నోరు మూసుకుని ఉంటే చాలని కూడా అప్పుడే తోచింది. ఉపేందర్ రేపు వస్తాడు, మోతి పోతుంది. పాపకు తగ్గుతుంది. కుక్క పోయింది, పిల్లకు తగ్గిందని వాడకట్టంతా అనుకుంటుంది. నేను చెప్పిందే నిజమైందంటారు. కన్నతల్లే పిల్ల ఒళ్లు కాల్చిందన్న మాట ఎవరి నోటా రాదు. ఇది తప్పని నాకు తెలియక కాదు. ఆ సాయంత్రం అంతా, తప్పు కాదేమో అన్నట్టు దాన్ని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో వాకిట్లోకి వచ్చింది. మా అత్త చేను నుంచి మోతిని నడిపించుకుంటూ వచ్చింది. సారు చెప్పినట్టే రోజూ కడిగి తుడుస్తోందేమో, దాని ఒళ్లు మెరుస్తోంది. ఆమె చేతిలో ఒక గుడ్డ మూట ఉంది. దాంట్లో జొన్నరొట్టెలు.

"దాబాయన చేతికియ్యిరా. ఇది తింటదని చెప్పు. మసాల కూర పెట్టొద్దను, దానికి పడదు," అని కొడుకుతో అన్నది.

ట్రాలీ తలుపు తీయగానే మోతి ఎవరూ ఎత్తకుండానే ఎగిరి లోపలికి ఎక్కింది. చేను పని ఉన్నప్పుడు పల్లి బస్తాలతో పాటు అట్లా ఎక్కడం దానికి అలవాటు. ఎక్కి, మా అత్త కూడా ఎక్కుతుందని పక్కకు జరిగి కూర్చుంది.

"దించు," అన్నాను.

ఉపేందర్‌కు వినపడలేదు. అప్పటికే మోతి తాడును ట్రాలీకి కట్టేసి, ఆటో స్టార్ట్ చేయబోతున్నాడు. నేను పోయి ట్రాలీ తలుపు పట్టుకున్నాను.

"దాన్ని దించు. దానికి గజ్జి లేదు. పాపకు గూడ లేదు. నేను బండల మీద పోసేదే ఇద్దరికి తగిలింది. సారు అడిగితే నీళ్లే అని అబద్ధం చెప్పిన."

అంత ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తర్వాత సీసా సంగతి, మూతల సంగతి, మూడు రోజులుగా మానేసిన సంగతి ఒకటొకటిగా చెప్పాను. ఉపేందర్ ఆటో దిగి వచ్చి పాప మోకాళ్లు తిప్పి తిప్పి చూశాడు.

"సీసా మీద రాసుంటది గదనే. సదువొచ్చినదానివి," అన్నాడు.

"సదివిన. నా భయానికి ఒక్క మూత సాల్లేదు."

మా అత్త ట్రాలీ అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తాడు విప్పిన చప్పుడు, మోతి కిందికి దూకిన చప్పుడు వినిపించాయి.

"ఇన్ని దినాలు నా కుక్కను గజ్జికుక్క అన్నవు," అన్నది ఆమె.

"అన్న అత్తమ్మా."

"ఇప్పుడు వాడకట్టంత గదే అంటున్నది. ఆ పేరు నువ్వు పెట్టినవు, నువ్వే తియ్యాలె."

తలూపాను. ఏడుపు వచ్చింది గానీ ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఆమె పాపను నా చేతుల్లోంచి తీసుకుని మోకాలి మీద మెల్లగా ఊదింది.

"రేపు దీన్ని దవాఖానకు తోల్కపోదాం. నేనొస్త. డాక్టరమ్మ తిడితే ఇద్దరం పడదాం."

మధ్యాహ్నం మాలతక్క ఇంటి ముందుకు పోయాను. పాప చంకన ఉంది, మోతి వెనక వచ్చింది, నేను అదిలించలేదు. ఐదారుగురు కూర్చుని కాయ ఒలుస్తున్నారు. కుక్కను చూడగానే ఒకామె చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది. దారంతా ఎన్నో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అక్కడ నిలబడేసరికి అవేవీ గుర్తుకు రాలేదు.

"మాలతక్కా, మోతికి గజ్జి లేదు. గోపాల్‌పేట సారు చెవి నలిపి చూసిండు. నేనే ఫినాయిల్ ఎక్కువ పోసి తుడిచిన. అది కుక్కకూ పడలేదు, పిల్లకూ పడలేదు."

మాలతక్క మోతిని చూసింది, పాప మోకాళ్లు చూసింది, మళ్లీ నన్ను చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. అప్పుడు కుచ్చిళ్లు లాక్కున్నామె, "గందుకేనా, మీ ఇంటి ముందర నుంచి పోతే పెద్ద దవాఖాన ముందర నుంచి పోయినట్లుండె. మా ఆయన యాడ సూదేస్తరోనని ఆ తొవ్వనే మానేసిండు," అన్నది. ఇద్దరు ముగ్గురు పగలబడి నవ్వారు. ముఖం మండింది గానీ నాకూ నవ్వొచ్చింది.

మాలతక్క నవ్వలేదు. మోకాలితో కాయ కుప్పను ఇవతలికి నెట్టి, తన పక్కన చాప మీద జాగా చేసింది. నేను కూర్చున్నాను. మోతి కాసేపు అందరినీ వాసన చూసి, దారిలో దుమ్ములో చతికిలబడి కళ్లు మూసుకుంది.

జమ్ము ఒళ్లో ఉండనని గింజుకుంది. ఆ నేల మీద పల్లి పొట్టు, మట్టి, కోళ్లు తిరిగిన జాడలు. దాన్ని కిందికి దించాను. రెండు చేతులూ మట్టిలో ఆనించి ముందుకు పాకుతూ పోయింది. నోట్లో ఏమీ పెట్టుకోకుండా ఒక కన్ను దాని మీదే ఉంచాను గానీ, లేచి ఎత్తుకోలేదు.